విశ్వవిద్యాలయంలో అకడమిక్ ఇంగ్లీషు నేర్చుకున్న తీరు: నా అనుభవం

భూగర్భ జలాల నాణ్యత మీద పోస్టుగ్రాడ్యుయేషన్‌లో చేరేనాటికి నాకు ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేదు. ప్రవేశ పరీక్షలో అడిగిన వ్యాసం రాయగలిగాను, ఇంటర్వ్యూలో అడిగినవాటికి జవాబు చెప్పగలిగాను, పాఠ్యపుస్తకాలను నిఘంటువు సాయం పెద్దగా లేకుండానే చదువుకోగలిగాను. అయితే మొదటి సెమిస్టరులో నేను ఇచ్చిన సమీక్షా వ్యాసం దిద్దించుకుని తిరిగి తీసుకున్నప్పుడు, వ్యాకరణ దోషాలకు పెట్టిన గుర్తులు కొన్నే కనిపించాయి. పక్క అంచుల్లో మాత్రం ‘ఇది ఎవరి మాట?’, ‘ఆధారం ఏమిటి?’, ‘ఇంత గట్టిగా చెప్పవచ్చా?’, ‘ఈ పేరా ఇక్కడెందుకు?’ అన్న ప్రశ్నలు పేజీ పేజీకీ ఉన్నాయి. పైకి ఇవేవీ భాషకు సంబంధించిన ప్రశ్నల్లా అనిపించవు. కానీ వాటిలో ప్రతిదానికీ జవాబు ఇంగ్లీషు వాక్యం లోపలే ఉండాలి: ఎవరి మాటో తెలిపే క్రియ, ఎంత నమ్మకంతో చెబుతున్నామో తెలిపే సహాయక క్రియ, ముందు పేరాతో ముడివేసే మొదటి వాక్యం. చదివేవారికి కలగబోయే ఇటువంటి ప్రశ్నలకు వారు అడగకముందే జవాబు చెప్పే పద్ధతినే అకడమిక్ ఇంగ్లీషు అంటారని నాకు అర్థమైంది. తర్వాత నేను చేసిన సాధన అంతా ఈ అవగాహన నుంచే మొదలైంది కాబట్టి, అదే పరిస్థితిలో ఉన్న విద్యార్థులకు పనికివస్తుందన్న ఉద్దేశంతో దాన్ని వివరంగా రాస్తున్నాను.

మొదట మార్చుకున్నది చదివే తీరు. నా పర్యవేక్షకురాలు చక్కగా రాసినవని ఎంపిక చేసి ఇచ్చిన కొన్ని పరిశోధన పత్రాలను రెండేసిసార్లు చదవడం అలవాటు చేసుకున్నాను. మొదటిసారి అందులోని విషయం కోసం చదివేది. రెండోసారి విషయాన్ని పక్కనపెట్టి, ఏ వాక్యం ఏ పని చేస్తోందో చూడడం కోసం చదివేది. ఈ రెండో పఠనానికి, భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో విస్తరించి చెప్పిన నమూనా ఎంతో తోడ్పడింది. పరిశోధన పత్రాల ఉపోద్ఘాతాలు సాధారణంగా మూడు అడుగుల్లో నడుస్తాయని ఆయన చూపించారు. మొదటిది, ఈ విషయం ముఖ్యమైనదని, దీని మీద ఇప్పటికే ఇంత పని జరిగిందని చెప్పి రంగం సిద్ధం చేయడం. రెండోది, ఆ పనిలో ఇంకా తేలని అంశాన్ని, మిగిలిపోయిన ఖాళీని చూపించడం. మూడోది, ఆ ఖాళీని ఈ పత్రం ఏ విధంగా పూరిస్తుందో ప్రకటించడం. నేను చదివిన పత్రాల్లో రెండో అడుగు చాలాసార్లు ఒకటి రెండు వాక్యాలకు మించలేదు, తరచుగా ‘హవెవర్’ అన్న మాటతోనే మొదలైంది. అయినా ఉపోద్ఘాతం బరువంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది. విద్యార్థుల రచనల్లో సాధారణంగా లోపించేది కూడా ఆ అడుగేనని, తోటివారి ముసాయిదాలు చదవడం మొదలుపెట్టాక నాకు స్పష్టంగా కనిపించింది.

దీన్ని నా అంశానికి అన్వయించుకున్నాను. భూగర్భ జలాల్లో నైట్రేట్ మోతాదు మీద ఈ ప్రాంతంలో ఇప్పటికే అధ్యయనాలు జరిగాయి. అయితే అవి ఒకే రుతువులో సేకరించిన నమూనాల మీద ఆధారపడ్డాయి. అందువల్ల మేము వానలకు ముందు, తర్వాత తీసిన నమూనాలను పోల్చి చూశాం. ఈ విధంగా మూడు వాక్యాల్లో పెట్టగలిగితేనే ఉపోద్ఘాతం రాయడం మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాను. మూడు వాక్యాలు కుదరని రోజున లోటు భాషలో లేదని, చదవవలసింది ఇంకా ఉందని తెలిసిపోయేది. దీనితోపాటు మరొక చిన్న పని చేసే అలవాటు ఏర్పడింది: మంచి పత్రంలోని ప్రతి పేరా నుంచి మొదటి వాక్యాన్ని మాత్రమే వరుసగా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించేది. ఆ వాక్యాలను వెంటవెంటనే చదివితే పత్రంలోని వాదన దాదాపు పూర్తిగా అందుతుంది. నా ముసాయిదాకూ అదే పరీక్ష పెట్టేది. మొదటి వాక్యాల వరుసలో వాదన తెగిన చోట పేరాలను అటూ ఇటూ మార్చడమో, కొత్త వాక్యం చేర్చడమో, కొన్నిసార్లు ఎంతో ఇష్టపడి రాసుకున్న పేరాను తీసేయడమో చేయవలసి వచ్చేది.

పదజాలం విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. భాషా పరిశోధకురాలు ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ పదాల జాబితా ఉంది. సుమారు 35 లక్షల పదాల విద్యావిషయక పాఠాలను పరిశీలించి, సాధారణ వాడుకలోని మొదటి రెండు వేల పద కుటుంబాలను (ఒక మూలపదం, దాని నుంచి వచ్చే రూపాలు కలిసి ఒక కుటుంబం) మినహాయించి, అన్ని రంగాల్లోనూ తరచుగా వచ్చే 570 పద కుటుంబాలను అందులో చేర్చారు. ఆమె పరిశీలించిన పాఠాల్లో ఇవి దాదాపు పది శాతం ఉన్నాయి. ఆ జాబితాలోని పదాల అర్థాలు చాలావరకు నాకు ముందే తెలుసు. తెలియనిది ఏ పదం ఏ పదంతో కలిసి నడుస్తుందన్నది. ‘ఎవిడెన్స్’కు ముందు ఏ విశేషణం వస్తుంది, ‘కాన్సన్‌ట్రేషన్’ తర్వాత ఏ క్రియ వస్తుంది, ‘అసోసియేటెడ్’ వెంట ఏ విభక్తి పదం (ప్రిపోజిషన్) రావాలి అన్నవి నిఘంటువులో వెతికితే తొందరగా దొరకవు. అందుకని నేను చదివిన పత్రాలన్నిటినీ యాంట్‌కాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, నాకు కావలసిన పదం వచ్చిన వాక్యాలన్నీ ఒకదాని కింద ఒకటి కనిపించేలా వెతుక్కున్నాను. బ్రిటన్‌లోని విశ్వవిద్యాలయ విద్యార్థులు రాసిన, మంచి మార్కులు పొందిన 2,700కు పైగా అసైన్‌మెంట్లను చేర్చిన ‘బావె’ సంకలనం కూడా ఈ విధంగానే ఉపయోగపడింది. పేరుపొందిన శాస్త్రవేత్తల పత్రాలకంటే విద్యార్థుల రచనలే కొన్ని సందర్భాల్లో మెరుగైన నమూనా అని నా అభిప్రాయం, ఎందుకంటే మనం రాయవలసిన రచన నిడివి, ప్రయోజనం వాటితో సరిపోతాయి.

వాక్య నిర్మాణం దగ్గర మాత్రం ఎక్కువ కాలం పట్టింది, దానికి కారణం మన భాష నడిచే తీరే. తెలుగులో ప్రధాన క్రియ వాక్యం చివర వస్తుంది. నామవాచకాన్ని వర్ణించే మాటలన్నీ దాని ముందే చేరతాయి. ‘పొలాల్లో వేసిన ఎరువుల నుంచి వాననీటిలో కరిగి నేలలోకి ఇంకిన నైట్రేట్’ అన్న పదబంధం మన చెవికి ఏ ఇబ్బందీ కలిగించదు. సేకరించి, వడపోసి, కొలిచి, పోల్చి అంటూ అసమాపక క్రియలతో వాక్యాన్ని ఎంత దూరమైనా నడిపించవచ్చు. వినేవారు చివరి క్రియ వచ్చేదాకా ఓపిక పడతారు. ఇంగ్లీషు చదివేవారికి ఆ అలవాటు లేదు. కర్త, క్రియ రెండూ వాక్యం మొదట్లోనే, పక్కపక్కనే దొరకాలని వారు ఆశిస్తారు. వాటి మధ్య పాతిక పదాలు చేరితే వ్యాకరణం ప్రకారం దోషం లేకపోయినా చదవడం కుంటుపడుతుంది. ఈ సంగతిని జార్జ్ గోపెన్, జుడిత్ స్వాన్ 1990లో ‘అమెరికన్ సైంటిస్ట్’ పత్రికలో రాసిన వ్యాసం శాస్త్ర రచనల నుంచే ఉదాహరణలు తీసుకుని వివరించింది. కర్త తర్వాత వీలైనంత త్వరగా క్రియ రావాలని, వాక్యం మొదట్లో చదివేవారికి అప్పటికే పరిచయమైన విషయం ఉండాలని, నొక్కి చెప్పదలచుకున్న కొత్త విషయం చివరికి చేరాలని దాని సారాంశం.

దీన్ని ఆచరణలో పెట్టడానికి నా ముసాయిదాను కాగితం మీద అచ్చు తీసుకుని, ప్రతి వాక్యంలో ప్రధాన కర్త కింద ఒక రంగుతో, ప్రధాన క్రియ కింద మరొక రంగుతో గీతలు పెట్టాను. రెండు రంగుల మధ్య దూరం ఎక్కువగా ఉన్న వాక్యాలను విడదీసి రాశాను. ఆ తర్వాత ఒక వాక్యం ముగిసిన మాటనూ తర్వాతి వాక్యం మొదలైన మాటనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఉదాహరణకు, కొన్ని బావుల్లో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటిందని ఒక వాక్యం ముగిస్తే, తర్వాతి వాక్యం ఆ 50 మిల్లీగ్రాముల పరిమితితోనే మొదలై, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పోతపాలు తాగే శిశువులను దృష్టిలో పెట్టుకుని సూచించిందని చెప్పి ముగియాలి. ఆ తర్వాతి వాక్యం ఆ శిశువులతో మొదలై, నైట్రేట్ వారి రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని ఎలా తగ్గిస్తుందో చెప్పాలి. ఇలా కొక్కేనికి కొక్కెం తగిలించినట్టు వాక్యాలను కలుపుకుంటూ పోతే ‘మోరోవర్’, ‘ఫర్దర్‌మోర్’ వంటి అనుసంధాన పదాల అవసరం చాలావరకు తీరిపోతుంది. పరీక్షల కోసం ఇంగ్లీషు నేర్చుకున్న మనలో చాలామంది ప్రతి వాక్యం ముందూ అటువంటి పదం ఒకటి పెడతారు. వాక్యాల మధ్య నిజమైన సంబంధం లేనప్పుడు ఆ పదం దాన్ని కల్పించలేదు.

ఇక, నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన పాఠం, చెప్పే మాటకు ఉన్న బలాన్ని ఆధారానికి తగినట్టు కొలిచి పెట్టడం. పొలాలకు దగ్గరగా ఉన్న బావుల్లో నైట్రేట్ ఎక్కువగా కనిపించిందనుకుందాం. ఎరువులే దానికి కారణమని నిరూపితమైందని రాస్తే అది ఆధారాన్ని మించిన మాట, ఎందుకంటే మురుగునీరు, పశువుల పేడ కూడా నైట్రేట్‌ను చేర్చగలవు. ఎరువుల పాత్రను ఈ ఫలితాలు సూచిస్తున్నాయని రాస్తే అది ఆధారానికి తగిన మాట. ‘ప్రూవ్’, ‘షో’, ‘ఇండికేట్’, ‘సజెస్ట్’ అన్న క్రియలు నిఘంటువులో దగ్గర దగ్గరగా కనిపించినా, పరిశోధన రచనలో వాటి మధ్య చాలా దూరం ఉంటుంది. ‘మే’, ‘కుడ్’, ‘లైక్లీ’ వంటి మాటలు మర్యాద కోసం చేర్చే అలంకారాలుగా కాక కొలత గుర్తులుగా పనిచేస్తాయి. దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం డీఎన్ఏ నిర్మాణాన్ని ప్రకటించిన పత్రమే. వాట్సన్, క్రిక్ 1953 ఏప్రిల్ 25న ‘నేచర్’లో ప్రచురించిన ఆ పత్రం, ఒక నిర్మాణాన్ని సూచించదలిచామని మొదలవుతుంది. జన్యు పదార్థం తన ప్రతిని తానే తయారుచేసుకునే విధానం గురించి అందులో ఉన్నది ఒకే వాక్యం. డీఎన్ఏలోని భాగాలు జతకూడతాయని తాము ప్రతిపాదించిన తీరు అటువంటి ఒక విధానానికి అవకాశమిస్తున్న సంగతి తమ దృష్టికి రాకపోలేదని మాత్రమే వారు అన్నారు. అంత పెద్ద ఆవిష్కరణకు ఆ మాటలే సరిపోయాయంటే, నాలుగు నెలల నమూనాలతో విద్యార్థి రాసే మాట ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలుసుకోవచ్చు.

అయితే సందేహాన్ని ఎక్కువ చేసినా ప్రమాదమే. ఒకే వాక్యంలో ‘బహుశా’, ‘కావచ్చు’, ‘అనిపిస్తుంది’ అన్న అర్థాలనిచ్చే మూడు మాటలు పెడితే చివరికి ఏమీ చెప్పనట్టే అవుతుంది. మనం కొలిచిన అంకెను చెప్పేటప్పుడు సందేహపదం అసలు అక్కర్లేదు. దానికి మనం ఇచ్చే వ్యాఖ్యానం దగ్గరే దాని అవసరం. ఫలితాల అధ్యాయాన్ని, చర్చ అధ్యాయాన్ని వేరువేరుగా రాయమనడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటని నాకు అనిపిస్తుంది. మొదటిదానిలో భూతకాలంలో సూటిగా రాయాలి, రెండోదానిలో ప్రతి క్రియనూ తూచి వాడాలి.

ఇతరుల మాటలను మన మాటల్లో చెప్పడం మరొక పెద్ద పని. మూల వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని పదాలకు పర్యాయపదాలు మారుస్తూ పోతే వచ్చేదాన్ని రచనా బోధన పరిశోధకురాలు రెబెకా హోవార్డ్ 1990లలో ప్యాచ్‌రైటింగ్ అన్నారు. దాన్ని ఆమె కేవలం దొంగతనంగా చూడలేదు. కొత్త రంగంలోకి అడుగుపెట్టిన విద్యార్థి భాషను అందుకునే క్రమంలో వచ్చే దశగా కూడా చూశారు. ఆ దృష్టి న్యాయమైనదని నా నమ్మకం, అయితే ఆ దశలోనే ఉండిపోవడానికి వీల్లేదు. నాకు పనిచేసిన పద్ధతి ఇది: పేరాను చదివి, పత్రం మూసేసి, అందులోని విషయాన్ని తెలుగులో బయటికి చెప్పుకోవడం. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవాలి. చెప్పగలిగితే కొంతసేపు ఆగి, మూలాన్ని చూడకుండా ఇంగ్లీషులో రాసి, చివరగా అర్థం మారలేదు కదా అని మాత్రమే మూలంతో పోల్చుకోవాలి. మూల వాక్యానికీ నా వాక్యానికీ మధ్య తెలుగు నిలబడడం వల్ల ఇంగ్లీషు పదాల వరుస దానంతటదే మారిపోతుంది. మాతృభాషను పక్కనపెడితేనే ఇంగ్లీషు వస్తుందని చెప్పే సలహాను నేను ఒప్పుకోకపోవడానికి ఈ అనుభవమే కారణం. పోలికలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది పదాల పోలికను మాత్రమే లెక్కిస్తుంది. శాతం తక్కువగా ఉన్నంత మాత్రాన ఆధారాలు సరిగా పేర్కొన్నట్టూ కాదు, ఎక్కువగా ఉన్నంత మాత్రాన కాపీ చేసినట్టూ కాదు.

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల రచనకు సాయపడే రైటింగ్ సెంటర్‌కు వెళ్లడం మొదలుపెట్టాక నా సాధనకు ఒక క్రమం ఏర్పడింది. అక్కడి ట్యూటరు నా వ్యాసాన్ని దిద్ది ఇవ్వలేదు. నన్నే బయటికి చదవమని, ఆగిన చోటల్లా ఎందుకు ఆగానో చెప్పమని అడిగారు. రచనను బాగుచేయడం కంటే రచయితను బాగుచేయడమే ఇటువంటి కేంద్రాల లక్ష్యమని రచనా బోధన పరిశోధకుడు స్టీఫెన్ నార్త్ 1984లో వాదించారు, నేటికీ చాలాచోట్ల అదే సూత్రం నడుస్తోంది. గడువు దగ్గరపడినప్పుడు ఈ పద్ధతి విసుగు కలిగించే మాట నిజమే. కానీ బయటికి చదివితే తొందరగా దొరికే దోషాలు కంటితో చదివితే దొరకవు. ఆ ట్యూటరు సూచన మీదే దోషాల పట్టిక ఒకటి పెట్టుకున్నాను. దిద్దిన ప్రతి కాగితం నుంచి దోషాన్ని, సరైన రూపాన్ని, కారణాన్ని అందులో రాసుకునేది. కొంతకాలానికి చూస్తే ఎక్కువ భాగం కొన్ని రకాల్లోకే వచ్చాయి. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి, మొదటిసారి ప్రస్తావించినదానికీ అప్పటికే ప్రస్తావించినదానికీ మధ్య తేడాను ఇంగ్లీషులో ప్రతి నామవాచకం దగ్గరా గుర్తుచేసుకోవలసి వచ్చేది. ‘రీసెర్చ్’, ‘ఎవిడెన్స్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఎక్విప్‌మెంట్’ వంటి పదాలకు బహువచనం చేర్చకూడదన్నది రెండో రకం. అన్నీ ఒకేసారి సరిచేయాలని చూడకుండా, ఒక్కొక్క ముసాయిదాలో ఒక్కొక్క రకాన్ని మాత్రమే వెతుకుతూ చివరిసారి చదవడం వల్ల ఫలితం కనిపించింది.

ఇప్పుడు ఈ పనులన్నిటినీ కృత్రిమ మేధ పరికరాలకు అప్పగించవచ్చు కదా అని కొందరు స్నేహితులు అడుగుతున్నారు. నేను వాటిని రాసి ముగించిన వాక్యం గురించి ప్రశ్నించడానికి వాడతాను: ఇందులో కర్త స్పష్టంగా ఉందా, ఈ క్రియ ఈ ఆధారానికి మించినదా అని. వాక్యాన్ని రాసిపెట్టమని మాత్రం అడగను. అవి ఇచ్చే వాక్యం నున్నగా ఉంటుంది, కానీ నేను సందేహంగా చెప్పదలచుకున్నదాన్ని కచ్చితమైనదిగా మార్చేయడం నా ముసాయిదాల్లోనే చూశాను. పైగా వాటి వాడకం మీద ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క నియమం ఉంటుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

మాట్లాడడం దగ్గరికి వస్తే, నా ఉచ్చారణ గురించి నాకున్న దిగులు ఎక్కువగా యాస చుట్టూనే ఉండేది. సెమినార్లలో వినేవారికి నిజంగా ఇబ్బంది కలిగించేది యాస కాదని, పదంలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది తప్పడమేనని భాషా విభాగంలోని ఒక అధ్యాపకుడు వివరించారు. తెలుగులో ప్రతి అచ్చునూ పూర్తిగా పలుకుతాం. ఒత్తి పలికే అక్షరం మారినంత మాత్రాన పదం అర్థం మారదు. ఇంగ్లీషులో ఒత్తిన అక్షరం నిలబడి, మిగిలినవి దాదాపు మింగేసినట్టు వినిపిస్తాయి. వినేవారు ఆ ఒత్తు ఆధారంగానే పదాన్ని గుర్తుపడతారు. అకడమిక్ పదాల్లో చిక్కు ఏమిటంటే ఒకే కుటుంబంలోనే ఒత్తు చోటు మారుతూ ఉంటుంది. ‘మెథడ్’లో మొదటి అక్షరం మీద ఉన్న ఒత్తు ‘మెథడాలజీ’లో మూడోదానికి జరుగుతుంది, ‘హైపాథసిస్’లో రెండోదాని మీద ఉన్నది ‘హైపథెటికల్’లో మూడోదాని మీదికి వెళుతుంది. ‘ఇంక్రీస్’ నామవాచకమైతే మొదటి అక్షరాన్ని, క్రియ అయితే రెండోదాన్ని ఒత్తాలి. గ్రాఫును వివరించేటప్పుడు ఇది నిమిషానికి ఒకసారైనా ఎదురవుతుంది. అదృష్టవశాత్తూ కొన్నిటికి నియమాలున్నాయి. ‘ఇక్’, ‘షన్’, ‘ఇటీ’లతో ముగిసే పదాల్లో సాధారణంగా ఆ ముగింపుకు సరిగ్గా ముందున్న అక్షరం మీద ఒత్తు పడుతుంది. నా సెమినార్‌లో తప్పనిసరిగా వచ్చే పదాలను ఒక కాగితం మీద రాసి, ఒత్తు అక్షరాన్ని గుర్తుపెట్టి, ఆడియో ఉన్న నిఘంటువులో విని పలికాను. యాసను మార్చుకునే ప్రయత్నం మానేశాను. దాని అవసరం నాకు ఎక్కడా రాలేదు.

ధారాళత కోసం చేసిన అభ్యాసాల్లో నాకు నచ్చినది నాలుగు, మూడు, రెండు నిమిషాల పద్ధతి. ఒకే విషయాన్ని మొదట ఒకరికి నాలుగు నిమిషాల్లో, తర్వాత మరొకరికి మూడు నిమిషాల్లో, చివరగా ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. భాషా బోధన పరిశోధకుడు పాల్ నేషన్ 1989లో దీన్ని పరిశీలించి, మాట్లాడే వేగం పెరగడమే కాక తడబాట్లు కూడా తగ్గుతాయని చూపించారు. వినేవారు మారడం ఇందులో కీలకం, ఎందుకంటే చెప్పేవారికి పాత విషయమే అయినా వినేవారికి అది కొత్తది కాబట్టి శ్రద్ధ తగ్గదు. వేరే విభాగాల విద్యార్థులతో కలిసి దీన్ని వారం వారం చేశాం. రెండు నిమిషాల వంతు వచ్చేసరికి అనవసరమైనవన్నీ రాలిపోయి, పరిశోధనలో అసలు చెప్పవలసింది ఏమిటో మిగిలేది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ప్రారంభించిన మూడు నిమిషాల థీసిస్ పోటీ నేడు చాలా దేశాల్లో జరుగుతోంది. ఒకే ఒక్క స్లైడ్‌తో మూడు నిమిషాల్లో మొత్తం థీసిస్‌ను చెప్పాలి. దానికి సిద్ధపడడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

ప్రసంగం వ్యాసం కాదన్న సంగతి మిచిగన్ విశ్వవిద్యాలయం సేకరించిన అకడమిక్ సంభాషణల సంకలనం ‘మికేస్’ చూసినప్పుడు బాగా అర్థమైంది. మాట్లాడిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాతలో పెట్టిన సుమారు 18 లక్షల పదాల ఆ సంకలనంలో, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ప్రొఫెసర్లు కూడా వాక్యాన్ని మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడతారు, చెప్పినదాన్నే మరో విధంగా చెబుతారు, ఇప్పటిదాకా ఏం చెప్పారో ఇకముందు ఏం చెప్పబోతున్నారో గుర్తుచేస్తూ ఉంటారు. చదివేవారు వెనక్కి వెళ్లి చూసుకోగలరు, వినేవారికి ఆ అవకాశం లేదు. అందువల్ల నా ప్రసంగాలను రాసుకుని చదవడం మాని, మలుపుల దగ్గర చెప్పవలసిన వాక్యాలను మాత్రమే సిద్ధం చేసుకున్నాను. ప్రశ్నల సమయానికి కూడా కొన్ని మాటలు సిద్ధంగా ఉండేవి: ప్రశ్నను నా మాటల్లో తిరిగి చెప్పి అదేనా అని అడగడం, జవాబు తెలియని భాగాన్ని తెలిసిన భాగం నుంచి విడదీయడం, పెద్దవారి అభిప్రాయంతో విభేదించేటప్పుడు వ్యక్తిని ప్రస్తావించకుండా ఆధారాన్ని మాత్రమే ప్రస్తావించడం. ఇతరుల సెమినార్లలో మొదటి పావుగంట ముగిసేలోగా ఒక ప్రశ్న కాగితం మీద రాసుకోవడం, వీలైతే ముందుగానే అడగడం మరొక అలవాటు. ప్రశ్న అడగాలని నిశ్చయించుకుని వింటే శ్రద్ధ తీరే మారిపోతుంది.

రాయడం, మాట్లాడడం అన్నవి నాకు వేరువేరు నైపుణ్యాలుగా మిగల్లేదు. ప్రతి అధ్యాయం రాసే ముందు దాన్ని మరో విభాగం మిత్రుడికి చెప్పి ఫోనులో రికార్డు చేసుకునేది. అతనికి విషయం అందిన క్షణంలో నేను వాడిన వాక్యమే చాలాసార్లు ఆ అధ్యాయపు మొదటి పేరాకు ఆధారమైంది. థీసిస్ మౌఖిక పరీక్షలో ఒక పరీక్షకుడు, నైట్రేట్ ఎరువుల నుంచి వచ్చిందో మురుగునీటి నుంచి వచ్చిందో తేల్చడానికి నైట్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువుల) విశ్లేషణ ఎందుకు చేయలేదని అడిగారు. ప్రశ్నను తిరిగి చెప్పి, నా దగ్గర ఉన్న కొలతలు రెండు మూలాలకూ పొసగుతాయని, వాటిని వేరుచేయడానికి ఐసోటోపుల ఆధారం కావాలని, ఆ పరికరం అందుబాటులో లేనందువల్లే ఎరువులను కారణంగా కాక సంభావ్య మూలంగా మాత్రమే పేర్కొన్నానని చెప్పాను. ఆయన మరో రెండు అనుబంధ ప్రశ్నలు వేసి, ఈ వివరణ థీసిస్‌లో కూడా ఉండాలని, చర్చ అధ్యాయం చివర చేర్చమని సూచించారు. ఆ సాయంత్రమే, పరీక్షలో పలికిన వరుసలోనే ఆ పేరా రాసి చేర్చాను. పర్యవేక్షకురాలు అందులో ఒక విభక్తి పదాన్ని మాత్రం మార్చి సంతకం చేశారు.